ఒక్కతూరి అడిగిన కాఫీ

“వద్దు జేజీ. పెట్టెలో చోటు ల్యా.”

“దిండుకేం చోటు మే? దూది. అణిస్తే అణిగిపోతుంది.”

“అణగడంల్యా. ఇప్పుడే చూస్తి గదా. జిప్పు పడల్యా.”

“ఆ ఎర్రచీర తీసి బయట పెట్టు. ఆ దేశంలో నీకేమన్నా పెండ్లి చేస్తాండారా, ఎర్రచీర కట్టుకొని తిరగనీకి?”

“ఆ దేశంలో దిండ్లు ఉండవా? వాళ్ళు తల యాడ పెట్టుకొని పండుకుంటారు?”

“యాడన్నా పెట్టుకోనీ. నాకెందుకు? తీసుకపోతావా, ల్యాదా?”

“వద్దంటి గదా!”

“వద్దంటే వద్దు. నేనేం కాళ్ళు పట్టుకొని బతిమాలను.”

దిండు ఎత్తుకొని పోయి బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళం ఇంకా తిప్పుతుండగానే వెనకనుంచి నా మనవరాలి గొంతు వినపడింది.

“అంతే నువ్వు! ఒక్కతూరి అడుగుతావు. వద్దనేలోపల ఎత్తి బీరువాలో పెడతావు. నువ్వు అడిగితే అడిగినట్టు ఉండదు, పరీక్ష పెట్టినట్టు ఉంటాది.”

చేట ముందర వేసుకొని కందిపప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. పిల్ల మంచం మీద కూర్చొని ఫోను పట్టుకుంది. మా కొడుకు కూతురు. నంద్యాలలోనే ఒక విత్తనాల కంపెనీలో పని. వడ్ల విత్తనం పండించే మళ్ళు చూసుకోవడానికి ఎనిమిది నెలలకు లావోస్ దేశం పంపుతున్నారు. తెల్లవారితే హైదరాబాదు బస్సు, అక్కడినుంచి విమానం. పది రోజులుగా ఫోనులో ఎవరో ఆడమనిషి ఆ దేశపు మాటలు చెప్పడం, ఈ పిల్ల తిరిగి చెప్పడం. ఇల్లంతా ఆ మాటలే.

“ఇమ్ లేవ్,” అంది ఫోను.

“ఇమ్ లేవ్,” అంది పిల్ల.

నాలుగైదుసార్లు విని, కోపం పక్కన పెట్టి అడిగాను. “ఏందే అది?”

“ఎవరన్నా తినమని ఏమన్నా ఇస్తే, వద్దనేదానికి అట్లా చెప్పాల. కడుపు నిండిపోయింది అని.”

“నిండకపోయినా?”

“నిండకపోయినా. బో ఆవ్ అంటే వద్దు అని. ఆ మాట అంటే మొగం మీద తలుపేసినట్టంట. అందుకే నిండిందని చెప్పాలంట.”

“ఆకలితో ఉండి నిండిందని అబద్ధం ఆడేదా? దాన్ని నేర్చుకునేదానికి పది దినాలా?”

“అబద్ధం కాదు జేజీ, మర్యాద. ఇంగోటి కూడా ఉంది. ఏమీ ముట్టకుండా లేచి పోగూడదంట. ఇంటోళ్ళ మనసు కష్టపడతాదంట. ఒక్క ముద్దన్నా నోట్లో వేసుకోవాలంట.”

పప్పులో నా వేళ్ళు అట్లాగే నిలబడిపోయాయి.

ఈ మర్యాద నాకు తెలుసు. ఏ దేశమూ పోకుండానే, మా నడింట్లో, వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాచి కింద కూర్చొని ఒక మనిషి ఇరవై ఏళ్ళకు పైగా నాకు చూపించింది. నేనే నేర్చుకోలేదు. ఇప్పుడు బీరువాలో తాళం వేసి పెట్టిన దిండు ఆమె చేసిందే.

ఆమెకు పేరుంది. నేను ఒక్కనాడూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇక్కడ రాయను. దూదేకులక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను శెట్టెమ్మా అనేది. మాది అంగడి ఇల్లు. ఆళ్ళగడ్డనుంచి ఏటా ఎండాకాలం మా ఇంటికి వచ్చేది, పరుపుల్లో దూది విప్పి, ఏకి, మళ్ళీ కుట్టడానికి. మొదట్లో మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఆయన విల్లు మోగించి దూది ఏకేవాడు, ఈమె కూరి కుట్టేది. ఆయన కాలం చేసిన ఏడాది ఆమె ఇంక రాదనుకున్నాను. ఎండలు ముదిరాక ఒక పొద్దున వాకిట్లో నిలబడి ఉంది, మనిషికంటే పొడుగున్న విల్లు భుజాన వేసుకొని, ఒక్కతే.

“నీ చేతనవుతుందా అక్కా?” అన్నాను.

“దూదికి మొగోని చెయ్యి, ఆడదాని చెయ్యి అని తెలీదు శెట్టెమ్మా,” అని లోపలికి వచ్చేసింది.

ఆ విల్లుతో ఆమె బస్సులో ఎట్లా వస్తుందో ఒకసారి కళ్ళారా చూశాను. మా ఆడబిడ్డను చూసి ఆళ్ళగడ్డనుంచి తిరిగి వస్తున్నాను, అదే బస్సులో ఆమె ఎక్కింది. కండక్టరు విల్లును పైనుంచి కిందికి చూసి, “ఏందమ్మో ఇది? దీనికీ టికెట్టు తీస్తావా?” అన్నాడు.

“అది నిలబడే వస్తాది నాయనా. సీటు అడగదు.”

బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వి, ముందు సీటులో ఒకాయనను జరిపి, “కూచో పెద్దమ్మా,” అన్నాడు. అప్పుడు చూశాను ఆమె పద్ధతి. వద్దు అనలేదు. ముందు ఆ సీటును చేత్తో తట్టి, “ఎంత మెత్తగ ఉండాది నాయనా, ఎవరు కుట్టిరో గానీ మంచి చెయ్యి,” అంది. తరవాత, “కూచుంటే నిద్దర పడతాది. ఆ మత్తులో శిరివెళ్లలోనే దిగి ఎవరి పరుపో ఏకొస్తా. నిలబడతాలే,” అంది. జరిగిన ఆయన మళ్ళీ తన చోటులోకి జరిగాడు. ఆయనకు కష్టం లేదు, కండక్టరుకు చిన్నతనం లేదు. ఆమె మాత్రం నంద్యాల దాకా నిలబడే వచ్చింది, విల్లును పట్టుకొని.

మా ఇంట్లో ఆమె పని రెండు రోజులు. వాకిట్లో ఏకితే గాలికి దూది పోతుందని నడింట్లోనే కూర్చునేది. మా మిద్దెకు నడిమధ్యన గవాచి ఉంది. ఆ సందులోంచి ఎండ నిట్టాడులాగా నిలువునా దిగుతుంది. దాని పక్కన కూర్చొని, బిస్మిల్లా అని, నారి మీద మొదటి దెబ్బ వేసేది. ఆ శబ్దం చెప్పడం నాకు రాదు. వినేది చెవులు కాదు, రొమ్ము ఎముకలు. ఏడాదంతా మా బరువులు మోసి గడ్డకట్టిన దూది ఆ నారికి తగిలి ఉలిక్కిపడి లేచేది. లేచి, విడిపోయి, ఎండలోకి ఎక్కేది. ఇంకొంచెం సేపటికి ఇంట్లో గోడలు ఎక్కడున్నాయో, గూళ్ళు ఎక్కడున్నాయో తెలిసేది కాదు. అంతా తెల్లగా మెల్లగా తిరిగేది.

నేను పగలు నడుం వాల్చే మనిషిని కాదు. పగలు పండుకునే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అమ్మ చెప్పేది. ఆ రెండు రోజులు మాత్రం గుంజకు ఆనుకొని చూస్తూ చూస్తూ నాకు తెలియకుండా ఎటో వెళ్ళిపోయేదాన్ని. ఒకసారి చచ్చిపోయిన మా నాయన ఆ తెల్లదనంలో వచ్చి, అంగడికి తాళం వేశావా అని అడిగాడు. వేశాను నాయనా అని పైకే చెప్పాను. నారి ఒక్క క్షణం ఆగింది. “నాకేనా శెట్టెమ్మా?” అంది ఆమె. కాదక్కా అన్నాను. ఎవరికని ఆమె అడగలేదు. మళ్ళీ ఏకడం మొదలుపెట్టింది.

పొద్దున వచ్చినప్పుడు ఆమె జుట్టు నలుపు. మధ్యాహ్నానికి కనుబొమ్మలతో సహా తెల్లబడి ముసలిదయ్యేది. సాయంత్రం పెరట్లో కొళాయి కింద మొగం కడుక్కొని మళ్ళీ చిన్నదయ్యేది. ఒక్క దినంలో ముసలితనం దాకా పోయి వచ్చే మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

ఆమె నోట ఇరవై ఏళ్ళలో వద్దు అనే మాట వినలేదు. అట్లాగని ఏదీ తీసుకున్నదీ లేదు.

పదిగంటలకు నేను కాఫీ కలుపుకొని, “అక్కా, కాఫీ తాగుతావా?” అని అడిగేదాన్ని. విల్లు పక్కన పెట్టి, రెండు చేతులూ ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన పీల్చినట్టు చేసేది. “ఏం వాసన శెట్టెమ్మా! వీధి మొదట్లో ఉండేవాళ్ళు కూడా నిలబడి ఉంటారు. కడుపు నిండుగా ఉండాది. ఒక ఉప్పుగల్లు ఈ, చాలు.” ఉప్పుబానలోంచి ఒక కల్లుప్పు తుంట తెచ్చి అరచేతిలో వేసేదాన్ని. దాన్ని కండ్లకద్దుకొని నాలుక మీద పెట్టుకునేది. “మీ ఉప్పు తింటి. ఇంగ ఈ దినం మీ ఇంటి మనిషినే,” అనేది. మధ్యాహ్నం అన్నానికి కూడా అంతే. “తింటావా అక్కా?” అనేదాన్ని. “మీ చారు వాసనకే సగం నిండె. ఇంగో సగం ముందే నిండి ఉండాది,” అనేది.

నాకది బాగుండేది. నిజమే రాస్తున్నాను. కాఫీ మిగిలేది, అన్నం మిగిలేది, ఇచ్చాననే పేరూ మిగిలేది. మా ఆయన ఒకసారి భోజనం చేస్తూ ఆమె వైపు చూసి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు. “ఆమె తినదు, నువ్వు పెట్టవు. ఇద్దరికీ బాగ కుదిరింది.”

“అడిగితి గదా! వద్దంటే నోట్లో కుక్కమంటావా?” అన్నాను.

ఇంకో ఏడాది నా పాత నేతచీర ఒకటి ఇవ్వబోయాను. అంచు బాగుండేది, నడుమ రెండు చోట్ల అరిగింది. ఆమె చీరను మోకాళ్ళ మీద పరుచుకొని, చివరనుంచి చివర దాకా వేళ్ళతో రాసి చూసింది. ఎండకు ఎత్తి పట్టుకుంది. తరవాత నేను మడిచినదానికంటే బాగా, చీరెల అంగట్లో మడిచినట్టు మడిచి నా చేతిలో పెట్టింది. “దీంట్లో ఇంగా మూడేండ్లు ఉండాయి శెట్టెమ్మా. నీ చీర, నువ్వే కట్టాల.” నేను సంతోషంగా లోపల పెట్టుకున్నాను. ఆమె చెప్పినట్టే మూడేళ్ళు కట్టాను. నాలుగో ఏడు చిరిగింది.

ఒక్క విషయం మాత్రం అప్పుడప్పుడూ కంట పడేది. మధ్యాహ్నం మేము తింటున్నప్పుడు ఆమె పెరట్లోకి పోయి కొళాయి దగ్గర వంగి దోసిలితో నీళ్ళు తాగేది. చాలాసేపు తాగేది. లేచి, కొంగు నడుముకు చుట్టి గట్టిగా బిగించుకొని వచ్చి మళ్ళీ విల్లు అందుకునేది. పని చేసే మనిషి కొంగు బిగించుకోదా అనుకున్నాను.

తరవాత ఒక ఎండాకాలం ఆమె రాలేదు. వీధిలో అందరి ఇళ్ళలోకీ స్పాంజి పరుపులు వచ్చేశాయి. మా కోడలూ అదే కొందామంది. బంగారంలాంటి దూది ఇంట్లో పెట్టుకొని స్పాంజి మీద పండుకునేది ఏంది అని నేను ఒప్పుకోలేదు. నా పరుపేమో గడ్డలు కట్టి, రాత్రి ఒకవైపు పడుకుంటే తెల్లవారి ఇంకోవైపు గుంటలో లేచేదాన్ని. చూసి చూసి, వానలు పోయినాక ఒక పొద్దున ఆళ్ళగడ్డ బస్సు ఎక్కాను, ఆమెను వెతుక్కొని.

“పరుపు కోసం బస్సెక్కి పోయేవాళ్ళను నిన్నే చూస్తాండా,” అని మా ఆయన వాకిట్లో నిలబడి అన్నాడు.

బస్సు దారిలో ఆగిపోయి, ఆళ్ళగడ్డ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంట్లో ఏమీ తినకుండా బయలుదేరాను. అడిగితే, రాళ్ళు చెక్కేవాళ్ళ వీధి దాటి పొమ్మన్నారు. ఆ వీధంతా తెల్లటి దుమ్ము. సగం చెక్కిన దేవుళ్ళు వీధికి రెండువైపులా నిలబడి ఉన్నారు. కొందరికి ఇంకా కండ్లు రాలేదు. ఉలుల చప్పుడు నాతోపాటు నడిచి వచ్చి, సందు మలుపులో ఆగిపోయింది. ఆ సందులో చివరి ఇల్లు ఆమెది. తలుపు తీసే ఉంది. ఎదురుగా గోడకు విల్లు తగిలించి ఉంది, నారి వదులు చేసి.

ఆమె నులకమంచం మీద పడుకొని ఉంది. నన్ను చూసి లేవబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపటికి గానీ ఆగలేదు. ఇన్నేళ్ళు మా పరుపుల్లో దుమ్మంతా ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది.

“శెట్టెమ్మా, నువ్వా! ఇంత దూరం! కూచో, కూచో. టీ పెడతా.”

“వద్దక్కా. ఇప్పుడే తాగి వస్తి,” అన్నాను.

మేము ఇంకొకరి ఇంట్లో వండినది ముట్టం. అది ఆమెకూ తెలుసు. నేను చెప్పింది అబద్ధమని కూడా తెలుసు. లోపలికి పోయింది. గిన్నె చప్పుడైంది. తలుపులోంచి తల బయటికి పెట్టి, “టీ వద్దులే. మజ్జిగ చిలికింది ఉండాది. చల్లగ ఉంటాది,” అంది.

“వద్దులే అక్కా. ఉత్తగ కూచో నువ్వు.”

ఈసారి బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు అరటిపండ్లు. నా ముందర కింద కూర్చొని పళ్ళెం నా ఒడిలో పెట్టింది. “తొక్క తియ్యని పండుకు ఎవురిదీ అంటదు శెట్టెమ్మా. తిను. పొద్దున్నుంచి నువ్వు ఏం తినల్యా, నీ పెదాలు చూస్తేనే తెలుస్తాంది.”

తిన్నాను. ఒకటి తిని ఆగుదామనుకున్నాను. రెండోదీ తిన్నాను. నేను తినేదాకా ఆమె నా మొగం చూడకుండా, గోడ మీద విల్లు వైపు చూస్తూ కూర్చుంది.

తొక్కలు పళ్ళెంలో పెట్టి అడిగాను. “ఇన్నేండ్లు మా ఇంటికి వస్తివి. ఒక్కనాడూ కాఫీ నీళ్ళు ముట్టకపోతివి. మా ఇంట్లో తాగగూడదా అక్కా మీరు?”

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. తరవాత నవ్వింది.

“ఎందుకు తాగగూడదు? నువ్వు ఒక్కతూరే అడుగుతాంటివి గదా శెట్టెమ్మా.”

నాకు అర్థం కాలేదు.

“మా అమ్మ చెప్పేది,” అంది. “ఒక్కతూరి అడిగితే నోటితో అడిగినట్టు. రెండోతూరి అడిగితే కడుపుతో అడిగినట్టు. మూడోతూరి అడిగినంక వద్దనగూడదు, పాపం. నువ్వు నోటితో అడిగితివి, నేను నోటితో నిండుగ ఉండాదంటి. నీ మర్యాద నీది, నా మర్యాద నాది. ఎవరిదీ తప్పు ల్యా.”

“మరి ఆకలి?”

“ఆకలిదేముంది? పని ఎత్తుకుంటే అదీ దూదిమాదిరి ఎగిరిపోతాది.” నడుము దగ్గర కొంగు సవరించుకుంది. “మధ్యాన్నం మాత్రం కొంచెం వాలేది. అప్పుడు నీళ్ళు ఉండాయి గదా.”

చెప్పి మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో ఏమన్నా దాచిందేమోనని చూశాను. ఏమీ లేదు. నాకు తెలియని ఒక లెక్క నాకు చెప్పినట్టుగా, అంతే చెప్పింది. వద్దంటే వద్దే అని నమ్మిన మనిషిని నేను. ఆ మాటకు నాకు తెలిసింది ఒక్కటే అర్థం. అది నాకు లాభం కూడా.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఎన్ని మధ్యాహ్నాలో లెక్కపెట్టబోయాను. సగంలో ఆపేశాను. బయట పత్తిచేలు. కాయలు పగిలి, చేనంతా తెల్లగా, ఎవరో నోరు తెరిచి ఏదో అడగబోయి ఆగినట్టు ఉంది.

మరుసటి ఎండాకాలం ఆమె వచ్చింది. భుజాన విల్లు లేదు. చేతిలో ఒక మూట, కొంగున సూది. ఏకడం తన చేత కాదని, నా పరుపు అంచులు పిగిలినచోట కుట్టి పోతానని చెప్పింది. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. బొరుగులతో ఉగ్గాని చేశాను. మేము తాగే గ్లాసులోనే కాఫీ పోశాను. రెండూ తెచ్చి గవాచి కింద ఆమె ముందర పెట్టాను.

“తిను అక్కా.”

“ఏం వాసన శెట్టెమ్మా! కడుపు నిండుగ ఉండాది.”

“తిను అక్కా.”

ఆమె తలెత్తి నన్ను చూసింది. కండ్లలో నవ్వు వచ్చింది.

“తిను. మూడోతూరి అడుగుతాండా. పాపం నీకే,” అన్నాను.

పళ్ళెం అంచు మీద మూడు వేళ్ళు పెట్టింది. ఒక బొరుగు ఎత్తింది. నోటి దాకా తెచ్చి, మళ్ళీ దించింది.

“ఈతూరి నిజంగానే నిండుగ ఉండాది శెట్టెమ్మా. నెల నుంచి ఏం దిగడంల్యా. గొంతు మూసుకొనుండాది.”

నేను నాలుగోసారి అడిగాను. ఐదోసారి కూడా అడిగాను. నాకు తెలిసిన లెక్క అయిపోయినా అడుగుతూనే ఉన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపి, “ఒక ఉప్పుగల్లు ఈ,” అంది. తెచ్చి ఇచ్చాను. నాలుక మీద పెట్టుకొని, అది కరిగేదాకా కండ్లు మూసుకొని కూర్చుంది. గవాచి ఎండ ఆమె తల మీద పడుతూ ఉంది. ఆ రోజు ఇంట్లో దూది ఎగరడం లేదు. అయినా ఆమె జుట్టు తెల్లగా ఉంది. సాయంత్రం మొగం కడుక్కున్నా నల్లబడలేదు.

పోయే ముందు మూట విప్పింది. లోపల ఒక దిండు. కాలువ గట్టున బూరుగుచెట్ల కింద కాయలు పగిలినప్పుడు రోజూ పోయి ఏరుకొచ్చిన దూదంట. గింజలు తీసి, చేత్తోనే విడదీసి కూరిందంట.

“నీకే,” అంది.

“నాకెందుకక్కా? ఇంట్లో దిండ్లు ఉండాయి.”

“తీసుకో.”

“నువ్వు పెట్టుకో. పడుకునే మనిషివి నువ్వు.”

దిండును నా ఒడిలో పెట్టి, పైన రెండు చేతులూ ఆనించింది. “మూడుతూర్లయింది. ఇంగ వద్దనగూడదు శెట్టెమ్మా.”

వానలు పడ్డాక ఏదో పని మీద శిరివెళ్ల పోతుంటే బస్సులో ఆ పాత కండక్టరే ఉన్నాడు. టికెట్టు ఇస్తూ, “విల్లు పెద్దమ్మ పోయిందంటమ్మా, తెలుసునా?” అన్నాడు. తెలియదన్నాను. కిటికీ బయట వాన. బూరుగుదూది మీద చెయ్యి పెట్టినప్పుడు ఏమీ లేనట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం వెచ్చబడుతుంది. దిగేదాకా నా చెయ్యి అట్లాగే ఉంది.

ఆ దిండు మీద నేను ఒక్క రోజూ తల పెట్టలేదు. మంచి వస్తువు అరిగిపోతుందని బీరువాలో పెట్టాను. నా బుద్ధే అంత.

“జేజీ, పప్పు ఏరడం మానేసి ఏం చూస్తాండావ్?” అంది మనవరాలు. ఫోను పక్కన పెట్టేసింది.

“ఆ దేశంలో ఎన్నితూర్లు అడుగుతారే?”

“ఏంది?”

“తినమని. ఒక్కతూరి అడిగి ఎత్తిపెడతారా, మళ్ళీ మళ్ళీ అడుగుతారా?”

“అదేం ఫోనులో చెప్పల్యా జేజీ.”

“మరి చెప్పాల్సిందే చెప్పకపోతే ఏం నేర్పినట్టు? చూడు పాపా. వాళ్ళు నాలాంటోళ్ళయితే, ఒక్కతూరే అడుగుతారు. నువ్వు నిండిందంటే అదే నిజమనుకుంటారు. ఎనిమిది నెలలు. తెలియని ఇండ్లు. మర్యాదకు పోయి కొళాయి నీళ్ళు తాగి పండుకోవద్దు. ఆకలయితే ఆకలని చెప్పు. ఆ మాట వాళ్ళ భాషలో నేర్చుకున్యావా?”

పిల్ల నన్ను వింతగా చూసింది. ఫోను తీసి వెతికింది. కాసేపటికి ఫోనులో ఆడమనిషి ఏదో కొత్త మాట చెప్పింది. పిల్ల తిరిగి చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది.

మరుసటి రోజు పొద్దున లేచి బీరువా తాళం తీశాను. కాఫీ ఇస్తూ, “దిండు తీసుకపోతావా?” అన్నాను. “జేజీ, రాత్రే చెప్తి గదా,” అంది. ఆటోలోకి పెట్టె ఎక్కిస్తున్నప్పుడు మళ్ళీ అడిగాను. “చోటు ల్యా జేజీ,” అంది. నేనూ ఆటో ఎక్కాను. బస్టాండులో బల్ల మీద కూర్చున్నాక, చంకలో ఉన్న దిండు తీసి ఒడిలో పెట్టుకొని మూడోసారి అడిగాను.

పిల్ల దిండును చూసింది. నా మొగం చూసింది. “ఈడి దాకా మోసుకొస్తివా?” అంది. తరవాత, “సరే. ఒక్క ముద్ద తీసుకుంటా,” అంది.

నా సంచిలో సూదీ దారమూ చిన్న కత్తెరా ఎప్పుడూ ఉంటాయి. పిల్ల కుట్టు రెండు వేళ్ళ మేర కత్తిరించింది. పిడికెడు దూది తీసి, చేతిగుడ్డలో మూట కట్టి, భుజానికి వేసుకునే సంచిలో పెట్టుకుంది. నేను బల్ల మీదే కూర్చొని ఆ రెండు వేళ్ళ మేర మళ్ళీ కుట్టాను. బస్సు వచ్చింది. ఎక్కింది. పోయింది.

బయటికి వస్తుంటే ఆటో అతను, “ఎక్కుతావా అవ్వా?” అన్నాడు. వద్దన్నాను. అతను మళ్ళీ అడగలేదు. దిండు చంకలో పెట్టుకొని ఇంటికి నడిచి వచ్చాను.